నీళ్లెరుగని డైవింగ్ వాచీ

మీ చేతికి వాచీ ఉంటే ఒక్కసారి దాని డయల్ వైపు చూడండి. ఆరో అంకెకు కాస్త పైన, చీమ తలకాయంత అక్షరాల్లో 100 మీటర్లనో, 200 మీటర్లనో రాసి ఉందా? డయల్ చుట్టూ చేత్తో తిప్పితే తిరిగే రింగు, దాని మీద అరవై నిమిషాల గీతలు, పైన ఒక చిన్న త్రికోణం ఉన్నాయా? ఉంటే మీరు పెట్టుకున్నది డైవింగ్ వాచీ. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం అడుగుకు వెళ్లేవాడి కోసం పుట్టిన వస్తువు. ఇప్పుడు నా ప్రశ్న. దాన్ని పెట్టుకుని మీరెప్పుడైనా సముద్రంలోకి దిగారా?

లేదనే అంటారు చాలామంది. సముద్రం దాకా ఎందుకు, స్నానానికి వెళ్లేటప్పుడు కూడా తీసి అలమరలో పెట్టి వెళ్లేవాళ్లే ఎక్కువ. అయినా ఈ వాచీలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ఐటీ కంపెనీల మీటింగుల్లో కనిపిస్తాయి, పెళ్లి రిసెప్షన్లలో కనిపిస్తాయి, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన మేనల్లుడి చేతికి కనిపిస్తాయి. కొన్ని వేలల్లో దొరుకుతాయి, కొన్నింటి ధర లక్షల్లో ఉంటుంది. వేలదైనా లక్షలదైనా అది చూసే నీళ్లు మాత్రం చేతులు కడుక్కునే కుళాయి నీళ్లే.

దీన్ని షోకు అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఈ వాచీ ఎందుకు పుట్టిందో, ఎలా తయారైందో, నీళ్లు వదిలి ఒడ్డుకు ఎలా వచ్చిందో తెలిస్తే ఆ తీర్పు అంత తొందరగా చెప్పలేం.

ముందు నీళ్లలో టైముతో ఏం పని అన్నది చూద్దాం. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు మన మీద ఒక వాతావరణం అంత ఒత్తిడి అదనంగా పడుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలోకీ కండరాల్లోకీ కరిగిపోతుంది. ఎంత లోతున, ఎంతసేపు ఉంటే అంత ఎక్కువగా కరుగుతుంది. తొందరపడి ఒక్కసారిగా పైకి వచ్చేస్తే ఆ నైట్రోజన్ ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్లు పట్టేస్తాయి, కాళ్లూ చేతులూ పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. డైవర్లు దీన్ని బెండ్స్ అంటారు. బ్రిటన్ శాస్త్రవేత్త జె. ఎస్. హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతులో ఎంతసేపు ఉంటే ఎలా పైకి రావాలో చెప్పే పట్టికలను 1908లో ప్రచురించాడు. ఆ తర్వాత నౌకాదళాలు తమ పట్టికలు తాము రాసుకున్నాయి. చాలాకాలం వాడుకలో ఉన్న అమెరికా నేవీ పట్టిక ప్రకారం 18 మీటర్ల లోతులో గంటసేపు ఉండి నేరుగా పైకి రావచ్చు. 30 మీటర్లకు దిగితే 25 నిమిషాలే గడువు.

అంటే నీటి అడుగున ఉన్నవాడికి రెండు లెక్కలు తెలియాలి. ఎంత లోతులో ఉన్నాడు, దిగి ఎంతసేపైంది. రెండో లెక్క చెప్పేది వాచీ. దాంట్లో పది నిమిషాలు తేడా వస్తే మనిషి మంచాన పడవచ్చు.

1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ తయారుచేశారు. పీల్చినప్పుడే, కావలసినంత గాలే సిలిండర్ నుంచి వదిలే పరికరం అది. పైనున్న పడవకు గొట్టంతో కట్టి ఉండాల్సిన అవసరం తప్పింది. మనిషి చేపలా స్వేచ్ఛగా తిరగడం మొదలుపెట్టాడు. స్వేచ్ఛ వచ్చింది కానీ టైము చెప్పేందుకు పైన మనిషి లేకుండా పోయాడు. ఎవరి టైము వాళ్లే చూసుకోవాలి.

స్విట్జర్లాండ్‌లో బ్లాంపాన్ అనే వాచీల కంపెనీ ఉంది. 1950ల మొదట్లో దాన్ని నడిపిన జాన్ జాక్ ఫిష్తేర్ స్వయంగా డైవర్. దక్షిణ ఫ్రాన్సు తీరంలో దిగినప్పుడు ఎంతసేపు అయిందో గమనించక, సిలిండర్‌లో గాలి అయిపోయి, ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు. తన అవసరం నుంచే ఆయన వాచీకి రూపం ఇచ్చాడు. సరిగ్గా అదే సమయంలో ఫ్రెంచి నౌకాదళంలో కొత్తగా ఏర్పడిన పోరాట ఈతగాళ్ల దళానికి బాబ్ మాలూబియే, క్లోద్ రిఫో అనే ఇద్దరు అధికారులు తగిన వాచీ కోసం వెతుకుతున్నారు. ఆ కలయికలోంచి 1953లో ఫిఫ్టీ ఫాథమ్స్ అనే వాచీ వచ్చింది. యాభై ఫాథమ్‌లంటే మన జాలర్ల లెక్కలో యాభై బారలు, సుమారు 91 మీటర్లు. నల్లటి డయల్, చీకట్లో వెలిగే పెద్ద అంకెలు, చుట్టూ తిరిగే రింగు. అదే ఏడాది రోలెక్స్ కంపెనీ సబ్‌మెరీనర్ తయారుచేసింది. ఈనాటికీ డైవింగ్ వాచీ అంటే మన కళ్ల ముందు మెదిలే రూపం ఆ ఏడాదిదే.

ఆ రింగు సంగతి కాస్త దగ్గర నుంచి చూడాలి. దిగబోయే ముందు డైవర్ రింగును తిప్పి, త్రికోణాన్ని నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడతాడు. అంతే. ఆ తర్వాత ఎప్పుడు చూసినా నిమిషాల ముల్లు రింగు మీద ఏ అంకె దగ్గర ఉంటే అన్ని నిమిషాలు గడిచినట్టు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా, బుర్ర మందగించినా కూడికలు తీసివేతలు చేసుకునే పని లేదు. ఇప్పటి వాచీల్లో ఈ రింగు ఒక్క దిక్కుకే, ఎడమవైపుకే తిరుగుతుంది. దాని కారణం చూడండి. నీళ్లలో రాయికో తాడుకో తగిలి రింగు జరిగిందనుకుందాం. ఎడమవైపుకు జరిగితే గడిచిన టైము అసలుకన్నా ఎక్కువ కనిపిస్తుంది. డైవర్ నాలుగు నిమిషాలు ముందుగా పైకి వస్తాడు, నష్టం లేదు. అదే కుడివైపుకు జరిగితే టైము తక్కువ కనిపించి అడుగునే ఉండిపోతాడు. అందుకే కుడివైపుకు కదలకుండా లోపల పళ్లు కోశారు. తప్పు జరిగినా ప్రాణం నిలిచే వైపే జరగాలన్న ఆలోచన అది.

ఇక వాచీకి పెట్టే పరీక్ష. డైవర్ల వాచీలకు ఐఎస్‌ఓ 6425 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మామూలు వాచీలనైతే గుంపులోంచి కొన్నింటిని తీసి పరీక్షిస్తే సరిపోతుంది. డైవర్స్ వాచీ అని రాయాలంటే ప్రతి వాచీనీ నీటి ఒత్తిడిలో పరీక్షించాల్సిందే. అదీ దాని మీద రాసిన లోతు కన్నా నాలుగో వంతు ఎక్కువ ఒత్తిడిలో. 200 మీటర్ల వాచీ 250 మీటర్ల ఒత్తిడికి నిలవాలి. 200 మీటర్ల లోతులో మూడు సెంటీమీటర్ల వెడల్పున్న అద్దం మీద సుమారు 140 కిలోల బరువు పడుతుంది. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనిపించాలి. వాచీ నడుస్తోందని తెలిసేందుకు ఏదో ఒకటి కదులుతూ కనబడాలి. ఉప్పునీటిలో ఒక రోజంతా ఉంచితే ఏ భాగమూ చెడకూడదు. ఇన్ని ఒత్తిళ్లకూ నిలిచాక చివర్లో చేసే పరీక్ష చాలా సున్నితమైనది. వాచీని 40, 45 డిగ్రీల వరకు వేడెక్కించి, అద్దం మీద ఒక్క చల్లని నీటి బొట్టు వేస్తారు. నిమిషం ఆగి బట్టతో తుడిచి చూస్తారు. అద్దం లోపలి వైపు ఆవిరి పట్టిందంటే ఎక్కడో తేమ దూరినట్టే. ఆ వాచీ తప్పినట్టే.

ఇంతకన్నా కష్టమైన పని చేసేవాళ్లున్నారు. సముద్రం అడుగున చమురు బావుల దగ్గర, మునిగిన ఓడల దగ్గర రోజుల తరబడి పనిచేసే డైవర్లు. ప్రతిసారీ పైకి వచ్చి దిగడం కుదరదు కాబట్టి, వాళ్లను ఓడ మీదే ఒత్తిడి నింపిన గదిలో ఉంచుతారు. అక్కడ పీల్చేది హీలియం కలిపిన గాలి. హీలియం అణువు ఎంత చిన్నదంటే, నీటిని ఆపే రబ్బరు రింగులు దాన్ని ఆపలేవు. మెల్లగా వాచీలోకి దూరుతుంది. పని ముగిసి గదిలో ఒత్తిడి తగ్గిస్తున్నప్పుడు లోపలి హీలియం అంత వేగంగా బయటికి రాలేక అద్దాన్ని పైకి తన్నేస్తుంది. రోలెక్స్ దీనికి 1967లో సీ డ్వెల్లర్ అనే వాచీలో ఒక చిన్న కవాటం పెట్టింది. లోపల గ్యాస్ ఎక్కువైతే అదే తెరుచుకుని బయటికి వదులుతుంది. జపాన్‌లో హిరోషిమా ప్రాంతంలోని కురె ఊరి నుంచి ఒక డైవర్ 1968లో సెయికో కంపెనీకి ఉత్తరం రాశాడు. 300 మీటర్లకు మించిన పనికి మీ వాచీలు ఆగడం లేదని. సెయికో ఏడేళ్లు కష్టపడి 1975లో టైటానియంతో 600 మీటర్ల వాచీ తెచ్చింది. వాళ్లది వేరే దారి. హీలియంను బయటికి పంపడం కాదు, అసలు లోపలికే రానివ్వకుండా సీలు బిగించారు. ఒక డైవర్ రాసిన ఉత్తరానికి కంపెనీ ఇచ్చిన జవాబు ఆ వాచీ.

ఇందులో ఓ తమాషా ఉంది. ఆ హీలియం కవాటం పనిచేసేది నీళ్లలో కాదు, ఓడ మీది పొడి గదిలో. ఇవాళ ఆ కవాటమున్న వాచీలు పెట్టుకున్నవాళ్లలో హీలియం గదిలో కూర్చున్నవాళ్లు ఎందరు? అలాంటి పని మన దగ్గరా ఉంది. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్‌ఎస్ నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతు వరకు డైవర్లను ఇలా పనికి దింపగల ఓడ అది. 1971 డిసెంబరులో విశాఖకు దగ్గర్లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ దగ్గరికి దిగి వెళ్లినవాళ్లూ మన నేవీ డైవర్లే. లోతు మాట ఎత్తే హక్కు వాళ్లది.

మరి ఈ వాచీ ఒడ్డుకు ఎలా వచ్చింది? సినిమాలో వచ్చింది. 1964లో విడుదలైన గోల్డ్‌ఫింగర్ మొదట్లో జేమ్స్ బాండ్‌గా షాన్ కానరీ నీళ్లలోంచి డైవింగ్ సూటుతో బయటికి వస్తాడు. సూటు విప్పితే లోపల మడత నలగని తెల్లటి విందు కోటు. చేతికి సబ్‌మెరీనర్. ఆ తర్వాత టైము చూసుకుంటాడు. ఆ కొద్ది నిమిషాల్లో డైవింగ్ వాచీ సముద్రం నుంచి విందు గదిలోకి నడిచి వెళ్లిపోయింది. మళ్లీ వెనక్కి రాలేదు.

వెనక్కి రావాల్సిన పనీ లేకపోయింది. 1983 నుంచి డైవ్ కంప్యూటర్లు బజారుకు వచ్చాయి. లోతునూ టైమునూ తనే కొలుచుకుంటూ, ఒంట్లో నైట్రోజన్ ఎంత చేరిందో ఎప్పటికప్పుడు లెక్క కట్టి, ఇంకెన్ని నిమిషాలు ఉండవచ్చో, ఎక్కడ ఆగాలో అంకెల్లో చూపే యంత్రం. మరీ వేగంగా పైకి వస్తుంటే కూత వేస్తుంది. వాచీ చెప్పేది ఎంతసేపైందనే. మిగతా లెక్క మనిషే వేసుకోవాలి. అందుకే ఇవాళ నిజమైన డైవర్ చేతికి ముందు కంప్యూటర్ ఉంటుంది. వాచీ ఉంటే రెండో చేతికి, కంప్యూటర్ మొరాయిస్తే ఆదుకోవడానికి ఉంటుంది.

అండమాన్‌లో ఒకప్పుడు హావ్‌లాక్ అన్న స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లి చూడండి. మన ఊళ్ల నుంచి వెళ్లిన కొత్త జంటలు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు మొదటిసారి డైవింగ్‌కు వరుసలో నిలబడతారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా అని అడిగే కాగితం మీద సంతకం పెడతారు. నడుము లోతు నీళ్లలో ఊపిరి పీల్చడం నేర్పుతారు. ఆ తర్వాత శిక్షకుడు వెనక నుంచి సిలిండర్ పట్టుకుని 12 మీటర్లకు మించకుండా తిప్పుకొస్తాడు. దీనికంతటికీ ముందు వాళ్లు చేసే మొదటి పని ఒకటుంది. ఫోను, పర్సు, మెడలో గొలుసు, దాంతోపాటు 200 మీటర్లని రాసి ఉన్న వాచీ కూడా తీసి లాకర్లో పెట్టి తాళం వేస్తారు. సముద్రం కోసం చేసిన వాచీ సముద్రం దాకా వచ్చి లాకర్లో కూర్చుంటుంది. దిగే శిక్షకుడి చేతికి మాత్రం గీతలు పడ్డ ప్లాస్టిక్ కంప్యూటర్.

అయితే కొన్నవాళ్లందరూ మోసపోయారా? నేనలా అనను. మనిషి కొనేవన్నీ పూర్తిగా వాడుకోవడానికే కొనడు. ఈ వాచీల్లో ఉన్న మంచి ఒడ్డు మీద కూడా మంచే. మసక వెలుగులో టైము చక్కగా కనిపిస్తుంది. వానకు తడిసినా, చెమట పట్టినా, తలుపుకు కొట్టుకున్నా తట్టుకుంటుంది. ఆ రింగు రోజూ పనికి వచ్చేదే. పప్పు ఎంతసేపు ఉడికింది, బండి పార్కింగులో పెట్టి ఎంతసేపైంది, ఇంట్లో మోడల్ పరీక్ష రాస్తున్న పిల్లకు ఎంత టైము మిగిలింది, ఫోను తీయకుండానే తెలుస్తుంది. ఫోను తీస్తే వచ్చే పది మెసేజీల బెడద తప్పుతుంది. రెండో సంగతి, ఇన్ని లక్షల మంది ఒడ్డు మీదివాళ్లు కొనబట్టే ఈ పనితనం ఇంకా బతికి ఉంది. డైవర్లు మాత్రమే కొనేటట్టయితే ఈ వాచీలు ఎప్పుడో మూలపడేవి.

కానీ లోతు అంకెల పోటీ మాత్రం నవ్వు తెప్పిస్తుంది. 300 చాలదని 600, అదీ చాలదని 1000. ఇప్పుడు మనిషి లెక్క వినండి. వినోదానికి చేసే డైవింగ్ హద్దు 40 మీటర్లు. సిలిండర్‌తో మనిషి దిగిన రికార్డు ఈజిప్టుకు చెందిన అహ్మద్ గబ్ర్‌ది. 2014లో ఎర్ర సముద్రంలో 332 మీటర్లు దిగాడు. దిగడానికి పావుగంట పట్టింది. బెండ్స్ రాకుండా పైకి రావడానికి పదమూడు గంటలకు పైగా పట్టింది. ఏళ్ల తరబడి సాధన చేసినవాడి సంగతే ఇది. వాచీ మీద ఉన్న వెయ్యి మీటర్లు వాచీ బలమే కానీ మనది కాదు.

ఆ అంకెను నమ్మి మోసపోయేది కూడా ఎక్కువగా ఒడ్డు మీదే. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక వాచీ రిపేరు కొట్టులో విన్న మాటలు చెబుతాను. ఒక పెద్దాయన అద్దంలో ఆవిరి పట్టిన వాచీ తెచ్చి బల్ల మీద పెట్టారు. రిపేరు చేసే ఆయన వెనక మూత విప్పి, పట్టకారుతో నల్లటి రబ్బరు రింగు పైకి తీశాడు. అది వేలికి తగలగానే రెండు ముక్కలైంది.

"దీని మీద 100 మీటర్లని రాసుంది కదయ్యా?" అన్నారు పెద్దాయన.

"రాశారండి. వంద మీటర్లకి రాశారు గానీ గీజరు నీళ్లకి రాయలేదండి," అన్నాడాయన తల ఎత్తకుండా.

ఇంతకన్నా బాగా ఏ శాస్త్రవేత్తా చెప్పలేడు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ ఏడాది రెండేళ్లకు బిగుసుకుపోయి ఆవిరి వదిలేసినట్టే, వాచీలోని రబ్బరు రింగూ వయసైపోతుంది. వేణ్ణీళ్లు, సబ్బు, షాంపూ దాన్ని తొందరగా చంపుతాయి. డయల్ మీది అంకె కొత్త వాచీది. పదేళ్ల వాచీది కాదు. అలాగే మామూలు వాచీ మీద 30 మీటర్లని ఉంటే ముప్పై మీటర్లు దిగవచ్చని అర్థం కాదు. చేతులు కడుక్కున్నప్పుడు, వాన జల్లు పడ్డప్పుడు ఫరవాలేదని మాత్రమే. ఈత కొట్టాలంటే కనీసం 100 మీటర్లున్నది వాడండి. డైవింగ్‌కైతే డైవర్స్ అని రాసి ఉన్నదే కావాలి. వాచీ పక్కన టైము సరిచేసే మరను పూర్తిగా బిగించాకే నీళ్లలో దిగండి. పుష్కర స్నానానికో, రుషికొండ అలల్లో ఆటకో వెళ్లి వచ్చాక మంచినీళ్లతో కడిగి తుడవండి. రెండు మూడేళ్లకోసారి కొట్టుకు తీసుకెళ్లి రబ్బరు మార్పించి, ఒత్తిడి పరీక్ష చేయించండి. వాచీ నీళ్లు చూసినా చూడకపోయినా రబ్బరు ముదరడం ఆగదు.

చివరిగా ఒక్క మాట. డైవింగ్ వాచీతో సముద్రంలోకి దిగకపోవడం తప్పేమీ కాదు. అది ఎవరికీ అపకారం చేయదు. కానీ ఆ వాచీ నీళ్ల పరీక్ష పాసయ్యాకే మన చేతికి వచ్చింది. దాన్ని పెట్టుకున్న మనలో చాలామంది అలాంటి పరీక్ష ఒక్కటీ రాయలేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో మన దేశంలో నీట మునిగి చనిపోతున్నవారు ఏటా 30,000కు పైగా ఉంటున్నారు. వాళ్లలో ఎక్కువమంది లోతు సముద్రంలో పోయినవాళ్లు కాదు. చెరువుల్లో, కాలవల్లో, ఇసుక తవ్విన గుంటల్లో, వేసవి సెలవుల్లో స్నానానికి దిగిన పిల్లలు ఎందరో వాళ్లలో ఉన్నారు. కాబట్టి నచ్చిన వాచీ కొనుక్కోండి, హాయిగా పెట్టుకోండి. దాంతోపాటు ఈ వేసవిలో దగ్గర్లో ఉన్న ఈత కొలనుకు వెళ్లి, శిక్షకుడి దగ్గర మీరు ఈత నేర్చుకోండి, మీ పిల్లలకూ నేర్పించండి. 200 మీటర్ల వాచీ పెట్టుకున్నవాళ్లు రెండు మీటర్ల నీళ్లలో తమను తాము కాపాడుకోగలగాలి.